మల్లి చంకకీ పట్టీకీ మధ్య నాలుగు వేళ్లు

ఆ ఆదివారం పొద్దున మా కుక్క మల్లికి దువ్వుతున్నాను. ఎడమ ముందుకాలు కాస్త ఎత్తి చంక కింద దువ్వెన పెట్టగానే కాలు విసురుగా లాక్కుంది. మల్లి అలా చేసే రకం కాదు. గోళ్లు కత్తిరిస్తుంటే నిద్రపోయే కుక్క అది. వెంట్రుకలు పక్కకి తీసి చూస్తే చంక మడతలో బొటనవేలి గోరంత మేర జుట్టు ఊడిపోయి, చర్మం ఎర్రగా కమిలి ఉంది. కుడివైపూ చూశాను. అక్కడా జుట్టు పోయింది, చర్మం ఇంకా చిట్లలేదు, అంతే తేడా.

రెండు నెలలుగా పొద్దునా సాయంత్రం నేనే తొడిగి తీసుకెళ్తున్న హార్నెస్ (మెడకి బదులు ఛాతీ చుట్టూ తొడిగే పట్టీల జోడు) చేసిన పని అది. చూసి చూసి ఏరి కొన్నాను. లోపల మెత్త ఉంది, పట్టీలు వెడల్పుగా ఉన్నాయి, ప్యాకెట్ మీద 40 నుంచి 50 కిలోల కుక్కలకి అని రాసి ఉంది. మల్లి 43 కిలోలు. ఇంకేం చూడాలి అనుకున్నాను. మూగజీవి, రెండు నెలలు ఆ ఒరిపిడితోనే తోక ఊపుకుంటూ నాతో నడిచింది. ఆ రోజంతా నాకు అన్నం సహించలేదు. పెద్ద కుక్కకి మొదటిసారి హార్నెస్ కొనబోయేవాళ్లు ఇది చదివి, కొనేముందు ఒక టేపు చేతిలోకి తీసుకుంటారని ఇదంతా రాస్తున్నాను.

కాలర్ ఎందుకు మానేశామో ముందు చెప్పాలి. ఏడాదిన్నర వయసు నుంచీ మల్లికి దారిలో పిల్లి కనిపిస్తే చాలు, ఒక్క ఉదుటున దూకేది. దూకిన ప్రతిసారీ అంత బరువు విసురూ మెడ చుట్టూ ఉన్న ఒక్క పట్టీ మీద పడేది. తర్వాత కాసేపు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు దగ్గేది. మెడ ముందుభాగంలో గాలిగొట్టం, థైరాయిడ్ గ్రంథి, తలకి వెళ్లే పెద్ద రక్తనాళాలు అన్నీ ఉంటాయి కదా. కళ్ల సంగతి మాత్రం నాకు కొత్తగా తెలిసింది. 2006లో అచ్చయిన ఒక అధ్యయనంలో 26 కుక్కలకి కంటి లోపలి ఒత్తిడి కొలిచారు. కాలర్ మీద బలంగా లాగినప్పుడు ఒత్తిడి పెరిగింది, హార్నెస్ మీద లాగినప్పుడు పెరగలేదు. మా పశువైద్యురాలు "కాలర్ ఉంచండమ్మా, దానికి పేరు బిళ్ల వేలాడదీయండి చాలు. లీష్ తగిలించకండి" అన్నారు. అలా హార్నెస్ దగ్గరికి వచ్చాం.

పుండు మానేదాకా మల్లికి నడక మా పెరట్లోనే. ఆ పది రోజులూ నేను అది నడిచే తీరే చూస్తూ కూర్చున్నాను. మూడేళ్లుగా పెంచుతూ కూడా అంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు. మనకి భుజానికీ రొమ్ముకీ మధ్య కాలర్‌బోన్ ఉంటుంది. కుక్కకి ఆ ఎముక పేరుకి మాత్రమే ఉంటుంది. ముందుకాళ్లు ఒంటికి ఏ కీలుతోనూ బిగించి ఉండవు, కండరాలే పట్టుకుని ఉంటాయి. తాళ్ల మధ్య ఉయ్యాల బల్ల వేలాడినట్టు ఆ రెండు కాళ్ల మధ్య ఛాతీ వేలాడుతుంది. ఒంటి బరువులో దాదాపు 60 శాతం ఆ ముందుకాళ్ల మీదే. మల్లి అడుగు ముందుకేసినప్పుడు వీపు మీద చెయ్యి పెడితే భుజపు రెక్క చర్మం కింద ముందుకీ వెనక్కీ జారడం తెలుస్తుంది. మోచెయ్యి కూడా వెనక్కి వచ్చి పక్కటెముకలకి దాదాపు ఆనుకుంటుంది. నేను కొన్న హార్నెస్‌లో ముందుకాళ్ల వెనక ఒంటి చుట్టూ వచ్చే పొట్ట పట్టీ సరిగ్గా ఆ మోచెయ్యి వచ్చి ఆగే చోటే ఉంది. రోజుకి కొన్ని వేల అడుగులు, అడుగుకొకసారి రాపిడి. పుండు పడక ఏమవుతుంది.

తప్పు ఎక్కడుందో కొలిచాక తెలిసింది. బరువుని బట్టి సైజు చూసుకోవడం పెద్ద కుక్కల్లో అసలు కుదరదు. 43 కిలోల లాబ్రడార్ పీపాలా గుండ్రంగా ఉంటుంది. మల్లి గ్రేట్ డేన్ పోలికలున్న మిశ్రమ జాతి. ఛాతీ లోతుగా కిందికి దిగి ఉంటుంది, నడుము సన్నం, మెడ పొడుగు. ఇద్దరి బరువూ ఒకటే అయినా ఒకరి చొక్కా ఇంకొకరికి పట్టదు.

కొలతకి మా తమ్ముణ్ని పిలిచాను. ఒకరు కుక్క ముందు కూర్చుని దాన్ని నిలబెట్టి ఉంచాలి, ఇంకొకరు కొలవాలి. పడుకున్నప్పుడో కూర్చున్నప్పుడో తీసిన కొలత పనికిరాదు. మొదట మెడ. కాలర్ ఉండే చోటు కొలవకూడదు, మెడ వచ్చి భుజాల్లో కలిసే చోట, కింద రొమ్ము ఎముక మొన మీదుగా కొలవాలి. మల్లికి 58 సెంటీమీటర్లు. తర్వాత ఛాతీ, ముందుకాళ్ల వెనక అన్నిటికంటే లోతుగా ఉన్న చోట. 81 అని చదివాను. తమ్ముడు వెంటనే "అక్కా, టేపు బిగించేశావు. అది ఊపిరి పీల్చనీ, అప్పుడు చూడు" అన్నాడు. పీల్చినప్పుడు 84 వచ్చింది. ఆ 3 సెంటీమీటర్లు లేకపోతే పరిగెత్తి వగర్చే కుక్కకి ఎంత ఇబ్బందో ఆలోచించండి.

ఈ రెండు కొలతలూ అన్ని ప్యాకెట్ల మీదా ఉంటాయి. మూడోది ఎక్కడా కనపడదు, నాకు మాత్రం అదే ముఖ్యమైనదిగా తేలింది. రొమ్ము ఎముక మొన నుంచి ముందుకాళ్ల మధ్యగా వెనక్కి వచ్చి, చంక దాటాక నాలుగు వేళ్ల దూరం వరకూ పొడవు. ముందుకాళ్ల మధ్య నుంచి వెళ్లే పట్టీకి కనీసం ఆ పొడవుండాలి. నా మొదటి హార్నెస్‌లో ఆ పట్టీ పొట్టిది, పైగా పెంచుకునే వీలు లేదు. పొట్ట పట్టీని అది ఎప్పుడూ చంకలోకే లాగుతూ ఉండేది. చుట్టుకొలతలు రెండూ సరిపోయినా పుండు పడటానికి కారణం అదే. నాలుగు వేళ్లు అన్నాను కదా అని మరీ వెనక్కి జరిపినా తప్పే. ఆ పట్టీ పక్కటెముకల గూడు మీద ఉండాలి, మెత్తటి పొట్ట మీదికి పోకూడదు.

ఇక ఆకారం. ముందు నుంచి చూస్తే రొమ్ముకి అడ్డంగా ఒకే పట్టీ ఉండేవి ఒక రకం. తొడగడం తేలిక, తల దూర్చి ఒక్క బకిల్ పెడితే అయిపోయింది. కానీ ఆ అడ్డపట్టీ చాలాసార్లు భుజం కీలు మీదే కూర్చుంటుంది, వదులైతే పైకి జారి గొంతు మీదికి పోతుంది. రెండో రకంలో రెండు పట్టీలు మెడకి ఇరుపక్కలా దిగి రొమ్ము ఎముక మీద కలిసి, అక్కడి నుంచి ఒకే పట్టీగా కాళ్ల మధ్యకి వెళ్తాయి. ఇంగ్లీషు వై అక్షరంలా ఉంటుంది కాబట్టి వై హార్నెస్ అంటారు. భుజాలకి అడ్డం రాదని దీనికి మంచి పేరుంది.

ఆ పేరుని గుడ్డిగా నమ్మకండి. 2019లో 9 కుక్కల్ని నడిపించి భుజం ఎంత చాపుతున్నాయో కొలిచిన అధ్యయనం ఒకటి వచ్చింది. రెండు రకాలూ భుజం చాపడాన్ని కొంత తగ్గించాయి, అడ్డం రాదనుకున్న రకమే ఇంకాస్త ఎక్కువ తగ్గించింది. తొమ్మిది కుక్కలతో అంతా తేలిపోదు, నిజమే. నేను మాత్రం వై ఆకారమే ఎంచుకున్నాను, గొంతు మీదికి పోదు కాబట్టి, పట్టీల పొడవు నాలుగైదు చోట్ల మార్చుకోవచ్చు కాబట్టి. ఆ అధ్యయనం చదివాక నాకు మిగిలింది ఒకటే: ప్యాకెట్ మీది పేరు కాదు, మన కుక్క అడుగు చూడాలి.

రెండో హార్నెస్ వచ్చింది. ఇక్కడ నేను చేసిన తప్పు మొదటిదానికంటే పెద్దది. పుండు భయంతో పట్టీలన్నీ వదులుగా పెట్టాను. రెండు వేళ్లు పట్టాల్సిన చోట పిడికిలి పట్టేంత వదులు. నాలుగో రోజు సాయంత్రం మేం నడుస్తుంటే పక్కనే ఒక లారీ టైరు పేలింది. మల్లి బెదిరి వెనక్కి నడవడం మొదలుపెట్టింది. నేను లీష్ బిగించి నా వైపుకి లాగాను. తల వంచింది, రెండు మోచేతులూ దగ్గరికి చేర్చింది, చొక్కా విప్పినంత సులువుగా హార్నెస్ తల మీదుగా ఊడి నా చేతిలోకి వచ్చేసింది. 43 కిలోల కుక్క రోడ్డు మీద లీష్ లేకుండా పరుగు. ఇరవై నిమిషాల తర్వాత మా గేటు దగ్గరే వణుకుతూ కనిపించింది. ఏ బండీ రాలేదు, అది మా అదృష్టం. ఆ ఇరవై నిమిషాలూ ఇప్పటికీ గుర్తొస్తే చేతులు చల్లబడతాయి.

కుక్క ముందుకి లాగితే హార్నెస్ ఒంటికి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. వెనక్కి లాగినప్పుడే ఊడుతుంది. బెదిరిన కుక్క వెనక్కే లాగుతుంది. లోతైన ఛాతీ, సన్నని తల ఉన్న కుక్కల్లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. అప్పటి నుంచి మూడు మార్పులు చేశాను. కాలర్ రింగుకీ హార్నెస్ వీపు రింగుకీ మధ్య చిన్న పట్టీ ఒకటి తగిలిస్తున్నాను, అది మామూలుగా వదులుగా వేలాడుతుంది, హార్నెస్ ఊడితే కాలర్ అయినా ఆపుతుంది. పక్కటెముకల చివర ఇంకో పట్టీ అదనంగా ఉన్న మూడు పట్టీల హార్నెస్‌కి మారాను. సన్నని చోట బిగించిన ఆ పట్టీలోంచి వెడల్పాటి ఛాతీ వెనక్కి దూరి రాలేదు, కాబట్టి సులువుగా ఊడదు. మూడోది నా అలవాటు మార్చుకోవడం. మల్లి వెనక్కి తగ్గితే ఇప్పుడు నేను లాగను, దాని వైపు రెండడుగులు వేస్తాను. లీష్ వదులవగానే అది ఆగుతుంది.

ఇప్పుడు బిగించే పద్ధతి. కొత్త హార్నెస్ వచ్చిన రోజు ముప్పావు గంట పట్టింది, ఆ ముప్పావు గంటా దండగ కాలేదు. ముందు పట్టీలన్నీ పూర్తిగా వదులు చేసి తొడిగాను. మొదట మెడ పట్టీలు. రొమ్ము మీద ఉండే రింగు సరిగ్గా ఎముక మొన మీద కూర్చోవాలి. పైకి పోతే గొంతు గుంటలో పడుతుంది, కిందికి పోతే కాళ్ల మధ్యకి జారి అడుగు తప్పిస్తుంది. చూపుడు వేలితో మెడ కింద నుంచి దిగుతూ వస్తే మెత్తటి గుంట దాటగానే గట్టిగా మొన తగులుతుంది, అదే గుర్తు. తర్వాత పొట్ట పట్టీ, రెండు వైపులా సమానంగా. ఒక వైపే బిగిస్తే వీపు మీది రింగు పక్కకి ఒరిగి, ఆ వైపు చంక ఒరుసుకుంటుంది. ప్రతి పట్టీ కిందా రెండు వేళ్లు పరిచి పెట్టాలి. నిలువుగా తిప్పి దూర్చకూడదు, అలా చేస్తే వదులు ఎక్కువ చూపిస్తుంది. వేళ్లు తేలిగ్గా జారాలి, కానీ చర్మం ఒత్తిడి తెలియాలి. దట్టమైన జుట్టున్న కుక్కైతే పైపైన చూసి లాభం లేదు, జుట్టు లోపలికి వేళ్లు పోనిచ్చి చర్మం దగ్గర చూడాలి.

నిలబడి ఉన్నప్పుడు అంతా బాగానే ఉంటుంది. అందుకే ఒళ్లు విదిలించుకోనిచ్చాను. కుక్క తల నుంచి తోక దాకా విదిలించుకున్నాక పట్టీలు ఎక్కడ ఆగాయో అదే వాటి అసలు చోటు. వీపు పట్టీ రెండు వేళ్ల కంటే ఎక్కువ పక్కకి జరిగితే ఇంకా సర్దాలి. కూర్చోబెట్టాను, పడుకోబెట్టాను, షేక్‌హ్యాండ్ ఇప్పించాను. కూర్చున్నప్పుడు మెడ పట్టీ గొంతు మీదికి ఎక్కుతుందేమో చూడాలి. ఆ తర్వాత తమ్ముడు లీష్ పట్టుకుని నడిపిస్తుంటే నేను పక్క నుంచి ఫోన్లో వీడియో తీశాను, అదే దారిలో హార్నెస్ లేకుండా ఇంకోటి. రెండు వీడియోలూ నెమ్మది వేగంలో పెట్టి పక్కపక్కన చూస్తే అడుగు పొట్టిదైందో లేదో మన కంటికే తెలిసిపోతుంది. పావుగంట నడిపించి విప్పేసి, చంకల్లో, రొమ్ము మీద, మోచెయ్యి వెనక జుట్టు చూశాను. ఎదురు తిరిగినట్టు, నలిగినట్టు ఉన్న చోట రేపు ఊడుతుంది, ఎల్లుండి కములుతుంది. ఎడమ వైపు అలా కొంచెం కనిపిస్తే కాళ్ల మధ్య పట్టీని 2 సెంటీమీటర్లు వదిలాను, పొట్ట పట్టీ అంత వెనక్కి వెళ్లింది. ఇప్పుడు చంకకీ పట్టీకీ మధ్య నా నాలుగు వేళ్లు సరిగ్గా పడతాయి.

లాగే కుక్క ఉన్నవాళ్లు రొమ్ము రింగు గురించి తప్పకుండా అడుగుతారు. వీపు రింగుకి లీష్ తగిలిస్తే కుక్క హాయిగా ఒళ్లంతా పెట్టి లాగుతుంది. మంచు బండి లాగే కుక్కలకి హార్నెస్ వేసేది అందుకే కదా. రొమ్ము రింగుకి తగిలిస్తే లాగిన కొద్దీ దాని ఒళ్లు మన వైపు తిరుగుతుంది, లాగి లాభం లేదని దానికి అర్థమవుతుంది. నాకైతే చాలా ఉపయోగపడింది, నా భుజం నొప్పి తగ్గింది. కానీ ఎప్పుడూ అక్కడే తగిలించి లాగుతుంటే హార్నెస్ మొత్తం ఒక పక్కకి తిరిగి, అవతలి భుజం మీద ఒరుసుకుంటుంది. రెండు కొసలా కొక్కేలున్న లీష్ కొని ఒకటి వీపుకీ ఒకటి రొమ్ముకీ తగిలిస్తున్నాను. మామూలుగా వీపు వైపు పట్టు, లాగినప్పుడు రొమ్ము వైపు. పొడవాటి తాడు కట్టి పరిగెత్తనిచ్చేటప్పుడు మాత్రం వీపు రింగే. రొమ్ము దగ్గర కడితే తాడు చివరికంటా వచ్చి బిగిసినప్పుడు కుక్క ఒక్కసారిగా మెలితిరిగి పడుతుంది. హార్నెస్ లాగడం ఆపదు, లాగకుండా నడవడం మనం నేర్పాల్సిందే.

బకిళ్ల గురించి నాకు కొంచెం చాదస్తం ఉంది. 43 కిలోల కుక్క దూకితే ఆ విసురు మొత్తం ఒక కుట్టు మీద పడుతుంది. పట్టీ రింగుని చుట్టి వచ్చే చోట చతురస్రం కుట్టి మధ్యలో ఇంటూ గుర్తులా కుట్టారా లేదా చూస్తాను. ఒక్క వరస కుట్టు ఉంటే వద్దంటాను. రింగు అతుకు మూసుకుపోయేలా వెల్డింగ్ చేసి ఉండాలి, చిన్న సందు కనిపించినా అది ఒక రోజు తెరుచుకుంటుంది. వెల్క్రో మీద మాత్రమే ఆధారపడేవి పెద్ద కుక్కకి వద్దే వద్దు, జుట్టు పట్టేస్తే పట్టు పోతుంది. ప్లాస్టిక్ బకిల్ అయినా పర్వాలేదు, కానీ పెట్టినప్పుడు రెండు వైపులా టిక్కుమన్న శబ్దం వినాలి, తర్వాత ఒకసారి లాగి చూడాలి. పొడవు సర్దే స్లయిడర్లు వాడకంలో కొద్దికొద్దిగా జారుతాయి. సరిపోయిన చోట పట్టీ మీద మార్కర్‌తో గీత పెట్టుకున్నాను, గీత కదిలితే వెంటనే తెలుస్తుంది. నైలాన్ తడిస్తే కాస్త సాగుతుంది, కాబట్టి వానలో నడిచిన రోజు మళ్లీ వేళ్లు పెట్టి చూస్తాను.

తల దూర్చడం మల్లికి మొదట ఇష్టం లేదు. హార్నెస్ చేతిలోకి తీసుకోగానే మంచం కిందికి పోయేది. ఆ పుండు రోజులు దానికి గుర్తుండి ఉంటాయి, దాని తప్పేముంది. బలవంతంగా తొడగలేదు. మెడ దగ్గర హార్నెస్‌ని గుండ్రంగా పట్టుకుని, అవతలి నుంచి తినే ముక్క చూపించి, తనంతట తను తల దూర్చేదాకా ఆగాను. మొదటి రోజు మూతి మాత్రం. రెండో రోజు చెవుల దాకా. ఆరో రోజుకి బకిల్ పెట్టనిచ్చింది. అప్పటికీ ఒప్పుకోని కుక్కలకి మెడ దగ్గర కూడా బకిల్ విడిపోయే రకం కొనాలి, తల మీదుగా ఏమీ రాదు.

వీపు మీద పిడి ఉన్నది తీసుకున్నాను. రద్దీలో దగ్గరగా పట్టుకోవడానికి అది చాలా సాయం. అంత బరువున్న కుక్కని ఆ ఒక్క పిడితో ఎత్తకూడదు, భారమంతా చంకల్లోకి వస్తుంది. ముసలితనంలో కాళ్లు పట్టు తప్పితే ముందూ వెనకా రెండు చోట్లా పట్టుకునే ప్రత్యేకమైనవి ఉంటాయి, ఆ రోజు వస్తే అవే కొంటాను. కారు సంగతీ ఇంతే. నడకకి చేసిన హార్నెస్ ప్రమాదంలో కుక్కని ఆపడానికి చేసింది కాదు, కారుకి విడిగా పరీక్ష చేసినవి చూసుకోవాలి. పెద్ద జాతి కుక్కపిల్లలున్నవాళ్లైతే రెండు వారాలకోసారి కొలవండి. ఎత్తు ఆగిపోయాక కూడా ఛాతీ రెండేళ్ల దాకా విప్పారుతూనే ఉంటుంది.

ఇంటికి రాగానే విప్పేస్తాను. రాత్రంతా ఒంటి మీద ఉంచితే ఎంత మంచిదైనా చర్మం చెమ్మెక్కి పాడవుతుంది. వారానికోసారి గోరువెచ్చని నీళ్లలో ఉతికి నీడన ఆరేస్తాను, సబ్బు మిగిలిపోయినా దురద వస్తుంది.

పుండు పడ్డ చోట జుట్టు రావడానికి రెండు నెలలు పట్టింది. ముందు తెల్లగా నూగులా వచ్చింది, తర్వాత నల్లబడింది. మొన్న మంగళవారం బకిల్ పెడుతుంటే పొట్ట పట్టీ మీది గీత సరిగ్గానే ఉంది, వేళ్లు మాత్రం మూడు పట్టాయి. మల్లి లోపలి జుట్టు రాల్చే కాలం కదా ఇది, వారంలో రెండు సంచుల జుట్టు తీశాను. పట్టీని ఒక సెంటీమీటరు బిగించి, పాత గీత పక్కన కొత్త గీత పెట్టాను. మల్లి ఒకసారి ఒళ్లు విదిలించుకుని గుమ్మం దగ్గరికి వెళ్లి నిలబడింది.